పన్నెండు గజముల సంచారగృహము

పశ్చిమ జర్మనీ పల్లెలలోని అగ్నిమాపక సంఘముల షెడ్లలో ముప్పది సంవత్సరములపాటు ఎఱ్ఱని రంగుతో నిగనిగలాడుచు నిలిచి, అప్పుడప్పుడు అభ్యాసమునకై వెలుపలికి వచ్చి, ఏడాదికి కొలదిపాటి మంటల నార్పి, మరల షెడ్డు చేరి, తుడుపులును నూనెలును పొంది విశ్రమించెడి లారీలు ఒకప్పుడు వేలకొలదిగా నుండెను. అంత సేవ ముగిసిన పిమ్మటను అట్టి లారీ తిరిగిన మొత్తము దూరము, మన హైదరాబాదు–విజయవాడ రహదారిమీద సరుకు మోయు లారీ ఒక్క సంవత్సరములో తిరుగు దూరమునకు మించకుండుట కలదు. ఇంజినునకు యౌవనము తీఱలేదు. గేర్లకు పండ్లు అరుగలేదు. అయినను వయస్సు చెల్లినదని సంఘము దానిని అమ్మివేయును. ప్రచ్ఛన్నయుద్ధము ముగిసి, పౌరరక్షణకై నిలువయుంచిన వాహనములతో పని తగ్గిపోవుటచే 1990 తరువాత ఇట్టివి మిక్కిలిగా విపణికి వచ్చెను. ప్రభుత్వశాఖలు వాడి విడిచిన వస్తువులను విక్రయించుటకే ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఫేబెగ్ అను సంస్థ యొకటి కలదు. కప్పుమీద నిచ్చెనయు, వెనుక నీటిపంపును గల ఎఱ్ఱ లారీని కొనినవాడు దానిని ఇంటికి తోలుకొనివచ్చి, ఆ నిచ్చెనను, పంపును, గొట్టములను విప్పివేసి, చాసిస్‌ను బోసిగా నిలువబెట్టి, దానిపై తాను కాపురముండబోవు ఇంటిని తలపోయ నారంభించును.

మన పూర్వులు గృహస్థునకు ఒక ఆశ్రమమును, పరివ్రాజకునకు వేఱొక ఆశ్రమమును విధించి, పొయ్యి గలవానికి బాటయు, బాట పట్టినవానికి పొయ్యియు లేకుండ నేర్పఱచిరి. భారీ లారీని ఇల్లుగా మలచుకొని, అందే వండుకొని, అందే నిదురించి, ఏండ్ల తరబడి దేశములు తిరుగువారు ఈ రెండు ధర్మములను ఒక్క ఇరుసుపై నిలుప యత్నించువారు. వారిని గూర్చి విన్నవారు కొందఱు ఇది ధనికుల విలాసమనియు, మఱికొందఱు బాధ్యతలు వదలుకొన్నవారి పలాయనమనియు తలంతురు. ఈ బ్రదుకును పరిశీలించినకొలది నాకు తోచినది వేఱు. నీరెంత, విద్యుత్తెంత, ఇంధనమెంత, బరువెంత అని దినదినము లెక్క చూచుకొనక తప్పని మితజీవన మిది. అంత నిష్ఠతో లెక్క చూచుకొను గృహస్థుడు స్థిరమైన ఇండ్లలో అరుదు. ఆ నిష్ఠయే దీని ఆకర్షణమని నా విశ్వాసము.

ఇట్టి ఇండ్లకు అనేకజాతుల లారీలు పనికివచ్చుచున్నవి. ఉల్మ్ నగరపు మాగిరుస్-డాయిట్స్ లారీల ఇంజిను గాలిచేతనే చల్లబడునది గనుక అందు నీరు గడ్డకట్టుటయు లేదు, మరుగుటయు లేదు. తూర్పు జర్మనీవారు 1965 మొదలు 1990 వఱకు లుడ్విగ్స్‌ఫెల్డె పట్టణమున తయారుచేసిన ఈఫా డబ్ల్యు-50 లారీయు, సైన్యములు వదలివేసిన మాన్, స్టైర్, టాట్రా లారీలును కలవు. కాని సంచారులు అత్యధికముగా ప్రేమించునది మెర్సిడెస్-బెంజ్ సంస్థ 1959లో వెలువరించిన గుండ్రని పొట్టిముక్కు లారీని. అందును 911 అను సంఖ్యతో, నాలుగు చక్రములకును ఇంజిను బలము నందునట్లు చేయబడిన దానిని. దాని ఇంజిను ఆఱు సిలిండర్ల డీజిలు ఇంజిను, పరిమాణము సుమారు 5.7 లీటర్లు. అందు కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. ఇంధనమును చిమ్ము పంపు కేవలము యంత్రబలముచే నడచునది. పానాలును ఓర్పును గల మెకానిక్కు ఏ ఎడారి ఊరిలోనైనను దానిని విప్పి బిగింపగలడు. ఈ కుటుంబపు లారీలు బ్రెజిల్‌లో 1113 అనియు, అర్జెంటీనాలో 1114 అనియు పేరు పడెను, ఇరానులోను తయారయ్యెను, పశ్చిమాఫ్రికా సంతలకు తరతరములుగా సరుకు చేరవేసెను. కావున భూగోళమున ఎచ్చట నిలిచిపోయినను దీని మర్మము తెలిసినవాడొకడు చేరువలోనే దొరకునన్న ధైర్యము సంచారులకు కలదు.

ఈ లారీ ముఖము తెలుగువారికిని క్రొత్త కాదు. టాటా సంస్థ 1954లో డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒడంబడిక చేసికొని జంషెడ్‌పూరున లారీలు నిర్మింప మొదలిడెను. 1969లో ఒడంబడిక ముగిసినను ఆ పోలిక పోలేదు. మన పెద్దలెఱిగిన టాటా-బెంజి ముక్కు లారీయు, నేడు మొరాకో ఇసుకలో ఇల్లుగా తిరుగుచున్న జర్మను లారీయు జ్ఞాతులు.

పాత ఇంజినునందలి ఈ మక్కువ కేవలము పాతదనముపై మోజు కాదు. నేటి యూరపు ఇంజినులు గంధకము అత్యల్పముగా గల డీజిలును, పొగను శుద్ధిచేయుటకై యాడ్‌బ్లూ అను ద్రవమును కోరును. గంధకము హెచ్చుగా గల డీజిలు మాత్రమే దొరకు దేశములలో వాని శుద్ధియంత్రములు చెడిపోవును. పాతది ఏ డీజిలునైనను స్వీకరించి నడచును. అయితే దాని పొగ నిర్మలమైనది కాదనియు, అది పోవు ఊళ్ళవారే ఆ పొగను పీల్చవలసియుండుననియు సంచారి మఱవరాదు. ఏడాదిలో తాము తిరుగు దూరమును తామే తగ్గించుకొని, ఒక్కొక్క చోట వారములు నిలిచిపోవువారిని నేను ఇందువలననే ఎక్కువగా గౌరవింతును.

ఇక ఇంటి నిర్మాణమునందలి ప్రధానమైన చిక్కును వివరింపవలసియున్నది; ఇది తెలియనిదే ఈ విద్య తెలియదు. లారీ చట్రమనగా రెండు పొడవైన ఉక్కుదూలములును, వానిని కలుపు అడ్డుదూలములును. గతుకుల నేలపై ముందఱి ఎడమచక్రమును, వెనుకటి కుడిచక్రమును ఒకేమాఱు మిట్టల నెక్కినపుడు ఆ చట్రము మెలిపడును. అది లోపము కాదు, ఉద్దేశపూర్వకమైన గుణము. చట్రము మెలిపడుటచేతనే నాలుగు చక్రములును నేలను వదలక పట్టు నిలుపుకొనును. సరుకు లారీకి కట్టు చెక్కబాడీ తానును చట్రముతోపాటు ఊగి సర్దుకొనును గనుక దానికి బాధ లేదు. విజయవాడ ఆటోనగరములో బాడీలు కట్టు మేస్త్రీలకిది పుస్తకమక్కఱలేని విద్య. ఇంటిపెట్టె అట్టిది కాదు. అది నాలుగు గోడలు, నేల, కప్పు ఏకముగా అంటుకొనిన బిఱుసైన పెట్టె. దానిని తిన్నగా చట్రమునకు బోల్టులతో బిగించినచో మొదటి పర్వతమార్గముననే అతుకులు విడును, కిటికీలు చిట్లును, తలుపు మూతపడదు. లేదా పెట్టెయే గెలిచి చట్రమును విఱుచును.

కావున పెట్టెకును చట్రమునకును నడుమ వేఱొక చట్రము నమర్చుదురు. కొందఱు మూడు ఆధారములపై దానిని నిలుపుదురు: ఒక కొనయందు నడుమ తిరుగుడుకీలు ఒకటి, రెండవ కొనయందు ఇరుప్రక్కల రెండు ఆధారములు. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలపైనను కదలక కూర్చుండునట్లు, మూడు ఆధారముల పెట్టె చట్రమెంత మెలిపడినను ఒక ప్రక్కకు వాలునే గాని తాను మెలిపడదు. మఱికొందఱు వెనుకభాగమును గట్టిగా బిగించి, ముందుభాగమును బలమైన స్ప్రింగులపై కూర్చుండబెట్టుదురు. లారీ గుంటలో దిగి మిట్ట నెక్కునపుడు పెట్టెకును చట్రమునకును నడుమ ఎడము తెఱచుకొని మరల మూతపడుచుండును. చూచువారికి ఇల్లు ఊడిపడునన్న భయము కలుగును గాని, కట్టినవానికి తన పని సరిగా నున్నదనుటకు అదియే సాక్ష్యము. డ్రైవరు కేబినునుండి ఇంటిలోనికి ప్రాకిపోవుటకు ద్వారము పెట్టుకొన్నవారు, ఈ కదలికను సహించు రబ్బరు మడతల తొడుగును దానికి తొడుగుదురు.

పెట్టెను సైన్యము రేడియో పరికరములకై వాడిన అల్యూమినియపు గదులనుండి తీసికొనువారు కలరు. అవి తేలికయు దృఢమునైనవి, గోడల నడుమ ఫోము నిండినవి. లేనివారు, ఇరువైపుల ఫైబర్‌గ్లాసు పలకలును నడుమ అయిదాఱు సెంటీమీటర్ల ఫోమును గల గోడలను తెచ్చి అంటించి కట్టుకొందురు. ఎటు కట్టినను లోపల మిగులునది నాలుగున్నర మీటర్ల పొడవు, రెండుంబావు మీటర్ల వెడల్పు. అనగా సుమారు పది చదరపు మీటర్లు. మన లెక్కలో పన్నెండు గజములు. ఆ పన్నెండు గజములలో మంచము, వంటగట్టు, భోజనపు బల్ల, స్నానపు గది, బట్టల అలమర, నీటి ట్యాంకు, బ్యాటరీలు, ఇద్దరు మనుష్యుల కోపతాపములు అన్నియు ఇమడవలెను.

బరువు సంగతి యింకను కఠినమైనది. 1999కు పూర్వము కారు లైసెన్సు పొందిన జర్మనులకు 7.5 టన్నుల వఱకు లారీని నడుపు హక్కు కలదు; తరువాతివారు 3.5 టన్నులు దాటిన వాహనమునకు వేఱు లైసెన్సు సంపాదింపవలెను. అందుచే 911 లారీని ఇల్లుగా మార్చిన పెక్కురు కాగితములలో దాని పరిమితిని 7.49 టన్నులుగా వ్రాయించుకొందురు. చాసిస్, కేబిను కలిసి సుమారు నాలుగు టన్నులు. బోసి పెట్టె దాదాపు ఒక టన్ను. మిగిలినది రెండున్నర టన్నులు. మూడువందల లీటర్ల నీరు మూడువందల కిలోలు. మూడువందల లీటర్ల డీజిలు రెండువందల యేబది. విడిచక్రమొక్కొక్కటి వంద కిలోలకు చేరువ, దానిని దింపుటకును ఎక్కించుటకును చిన్న గిలక వేఱుగా కావలెను. పనిముట్లు, విడిభాగములు, ఇసుకలో పఱచు పలకలు, మంచము, పొయ్యి, ఫ్రిజ్జి, పుస్తకములు, బియ్యము, మనుష్యులు: ప్రతిదియు కాగితముమీద కెక్కవలెను. గోడకు టేకుపలక కావలెనని భార్య కోరినను, ఇంకొక పనిముట్ల పెట్టె కావలెనని భర్త కోరినను తీర్పు చెప్పునది కాటా. లారీని కాటాకు తోలి, ముందు ఇరుసును, వెనుక ఇరుసును వేఱువేఱుగా తూచి, ఎడమకుడుల భారము సరిచూచి, తిరిగివచ్చి కొన్ని వస్తువులను విడిచిపెట్టు దినము ఈ గృహస్థులకు ఒక పరీక్షాదినము. ఏ వస్తువు తమకు నిజముగా అవసరమో ఇంత స్పష్టముగా తెలిసికొను అవకాశము మనలో ఎందఱికి కలుగును?

నీటిని గూర్చి చెప్పనక్కఱలేదు. కుళాయి త్రిప్పునపుడు ట్యాంకులోని మట్టము మనస్సున మెదలుచునే యుండును. విద్యుత్తు కప్పుమీది సౌరఫలకములనుండి వచ్చి లిథియము బ్యాటరీలలో నిలువయగును. ఉత్తర యూరపు చలికాలపు సూర్యుడు దిగువగా ప్రాకి త్వరగా క్రుంకువాడు గనుక, అక్టోబరు దాటగానే ఈ లారీలు స్పెయిను దక్షిణపు కొననున్న అల్జెసిరాస్ రేవునకు చేరి, నౌకలో జలసంధిని దాటి మొరాకోలో దిగును. మరుగుదొడ్డి విషయమున వీరు కనుగొన్న ఉపాయము సరళమైనది: మూత్రమును మలమును కలియనీయక వేఱుచేసినచో దుర్గంధము మిక్కిలి తగ్గును, నీరును ఆదా యగును.

కంటికి కానరాని శత్రువు తేమ. ఇద్దరు మనుష్యులు ఒక్క రాత్రిలో ఊపిరిచేతను చెమటచేతను సుమారు అర లీటరు నీటిని గాలిలోనికి విడుతురు. వంటయావిరి దీనికి తోడు. వెలుపల మంచు కురియుచుండగా గోడలో ఒక్క లోహపు మేకు లోపలినుండి వెలుపలికి చొచ్చుకొనిపోయినను ఆ చల్లని చోట ఆవిరి నీరై కాఱి, పఱుపు క్రింద బూజై మొలచును. అందుచే మంచము క్రింద గాలియాడునట్లు పలకలు వేయుటయు, ఎంత చలియైనను కప్పుకిటికీని కొంచెము తెఱచియుంచుటయు ఈ ఇంటి ఆచారము.

ఎత్తైన ప్రదేశములలో ఇంటి స్వభావమే మాఱును. అర్జెంటీనా, చిలీ దేశముల నడుమనున్న ఆగ్వా నేగ్రా కనుమ 4,780 మీటర్ల ఎత్తున నున్నది. బొలీవియాలోని ఉయుని ఉప్పుమైదానము 3,650 మీటర్ల యెత్తున సుమారు పదివేల చదరపు కిలోమీటర్లు పఱచుకొనియున్నది. నాలుగువేల మీటర్లయొద్ద గాలి పీడనము సముద్రతీరమున నున్న దానిలో ఐదింట మూడువంతులకు కొంచెము మించును. ఇంజినునకు ఊపిరి చాలదు. నల్లని పొగ విడుచుచు, మనిషి నడకకంటె కొంచెము వేగముగా ఎక్కును. డీజిలుతో మండు హీటరు కూడ ప్రాణవాయువు చాలక మసిపట్టి, సరిగా చలి ముదిరిన రాత్రియే ఆగిపోవుట కద్దు. ఎత్తునుబట్టి ఇంధనమును తగ్గించు అమరిక గలవారే సుఖముగా నిదురింతురు. నీరు సుమారు 87 డిగ్రీలకే మరుగుటచే పప్పు ఎంతసేపు ఉడికించినను పలుకుగనే యుండును. ప్రెషరు కుక్కరు లేనిదే అచట పప్పన్నము లేదు. ఉప్పుమైదానము దాటిన లారీ క్రింది భాగమును మంచినీటితో శుభ్రముగా కడుగకున్న, ఉక్కు కొలదికాలముననే తుప్పునకు లోబడును.

ఇసుకలో నడుపుట వేఱొక కళ. బాటమీద ఆఱేడు బార్ల పీడనముతో బిగువుగానున్న టైర్లనుండి గాలిని విడిచి, రెండు మూడు బార్లకు దింపినచో టైరు చాపవలె సాగి, ఇసుకపై తేలుచున్నట్లు పోవును. గట్టినేల చేరిన పిమ్మట మరల గాలి నింపుటకు వేఱు పంపుతో పనిలేదు. బ్రేకులకై లారీలోనే గాలియంత్రమున్నది. ఇట్టి చోట్ల లారీ కారుకంటె మేలైన సంచారవాహనమని ఒప్పుకొనక తప్పదు. బాటమీద మాత్రము గంటకు ఎనుబది కిలోమీటర్లే దాని వేగము. వందకు ఇరువది, ఇరువదియైదు లీటర్ల డీజిలు దాని ఆహారము. కేబినులోని మ్రోత దంపతుల సంభాషణమును సంధ్యవేళకు వాయిదా వేయించును.

భూమి ఇచ్చు చిక్కులకన్న కాగితములిచ్చు చిక్కులు ఎక్కువ. అమెరికాఖండపు రహదారి అలాస్కానుండి దక్షిణాగ్రము వఱకు సాగుచున్నను, పనామా, కొలంబియా దేశముల నడుమ సుమారు వంద కిలోమీటర్ల దారియెన్ అరణ్యమున బాటయే లేదు. లారీని కొలోన్ రేవున ఓడ కెక్కించి కార్తహేనాలో దింపుకొనవలెను. మూడున్నర మీటర్ల యెత్తుగల లారీ సరుకుపెట్టెలో పట్టదు గనుక చక్రములతో నడచి యెక్కు ఓడలనే వెదకుకొనవలసియుండును. విదేశీవాహనమునకు ఉరుగ్వే పండ్రెండు నెలలు, అర్జెంటీనా ఎనిమిది నెలలు గడువిచ్చుటచే, స్వదేశమునకు పోయిరాదలచినవారు లారీని ఉరుగ్వేలో విడిచి విమాన మెక్కుదురు. మన దేశమునకు తీసికొనిరావలెనన్న కార్నే అను పూచీపత్రము కావలెను; వాహనమును ఇచటనే అమ్మివేయక తిరిగి తీసికొనిపోవుటకు ముందుగనే ధనము హామీగా నిలిపి పొందవలసిన పత్రమది. సైన్యము విడిచిన బెడ్‌ఫర్డ్ లారీలలో యూరపునుండి టర్కీ, ఇరాను, ఆఫ్ఘనిస్థానములమీదుగా ఖాట్మండునకును గోవాకును యువకులు వచ్చిన కాలమొకటి యుండెను; 1979లో ఇరాను విప్లవమును, ఆఫ్ఘనిస్థానమున సోవియట్ సేనల ప్రవేశమును ఆ బాటను మూసివేసెను.

లారీయిల్లు విహారమునకే కాదు. వేఱు ఇల్లు లేనివారికి అదియే ఇల్లు. జర్మనీలో హాంబుర్గు, లైప్‌సిగ్, ఫ్రైబుర్గు నగరముల అంచులందు పాతలారీలను, పనివారి చక్రపుగదులను కూర్చి కాపురములుండు వాడలు కలవు. చట్టమునకు వాహనము వాహనమే గాని నివాసము కాదు. వాహనమును రిజిష్టరు చేయుటకు ఇంటి చిరునామా కావలెను. ఇంగ్లండులో ఈ విరోధము రక్తము చిందించువఱకు పోయెను. 1985 జూన్ 1వ తేదీన స్టోన్‌హెంజ్ ఉత్సవమునకు పోవుచున్న సంచారుల వాహనశ్రేణిని విల్ట్‌షైరులో పోలీసులు అడ్డగించి, కాపురపు బండ్ల అద్దములు పగులగొట్టి, అయిదువందలకు పైబడినవారిని నిర్బంధించిరి. 1994 నాటి చట్టము, ఆఱు వాహనములు గాని అంతకు మించి గాని కూడి ఒకచోట నిలిచినచో తొలగించు అధికారమును పోలీసులకిచ్చి, సంచారులకు స్థలము చూపవలసిన బాధ్యతను స్థానికసంస్థలనుండి తొలగించెను. సెలవులకు తిరుగు లారీని మెచ్చుకొను సమాజము, అదే లారీలో బ్రదుకువానిని అనుమానించుట న్యాయము కాదు. కేబినులో పడకయు, ప్రక్కన కిరసనాయిలు స్టవ్వును పెట్టుకొని, దేశము నలుమూలలకు సరుకు చేర్చు మన లారీ డ్రైవర్లును క్లీనర్లును తమ జీవితములో అధికభాగము ఆ నాలుగడుగుల చోటనే గడపుచున్నారు. వారిని ఎవరును సంచారులని కీర్తింపరు. తెలుగునాట క్యారవాన్ అనగానే సినిమాతారల విశ్రాంతివాహనము స్ఫురించును గాని, ఈ డ్రైవరు గూడ చక్రములమీద కాపురమున్నవాడే.

జర్మనీలో నేడు ఈ లారీలు చేతులు మాఱుచున్నవి. పాతలైసెన్సు గలవారు వృద్ధులై, చక్రము విప్పుటకును కేబిను మెట్లెక్కుటకును శక్తి చాలక, తాము ఇరువది ఏండ్లు కాపురమున్న ఇంటిని అమ్ముచున్నారు. కొనువారు 1999 తరువాతి తరమువారు. వీరికి లారీ నడుపు హక్కు పుట్టుకతో రాలేదు. అందుచే దర్జీలు, ఉపాధ్యాయినులు, వడ్రంగులు, నర్సులు సెలవుదినములలో లారీ శిక్షణాలయములకు పోయి, సరుకురవాణా వృత్తికి రాదలచినవారి ప్రక్కనే కూర్చుండి, గాలిబ్రేకుల తీరును, వెనుకకు నడుపు విద్యను, ఇరుసుభారముల లెక్కను నేర్చుకొనుచున్నారు.